ల్యాబ్ బయట చెప్పులు

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులతో వెళ్ళనిచ్చేవారు కాదు. గుడికీ మా కాలేజీ ల్యాబ్‌కూ ఒకటే తేడా. గుడి దగ్గర చెప్పులకు టోకెన్ ఇస్తారు, మా దగ్గర ఇవ్వరు. దుమ్ము పడితే యంత్రాలు పాడైపోతాయని భయం. ఉన్నవి ఆరు, పనిచేసేవి నాలుగు. అన్నిటికీ ప్లాస్టిక్ ముసుగులు. గది మొత్తానికి ఒక ఏసీ, దానికి సరిగ్గా ఎదురుగా మా అటెండర్ కుర్చీ. ఏటా దసరాకు ఆయన మానిటర్లన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేవాడు. పనిచేయని రెండింటికీ కాస్త పెద్ద బొట్లు. అవి సంక్రాంతి దాకా అలాగే ఉండేవి. తుడిచే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

హాజరు పట్టీ తెరవకముందే నేను గుమ్మం దగ్గర చెప్పుల జతలు లెక్కపెట్టుకునేదాన్ని. 1999 జూన్‌లో, బి.ఏ. పిల్లలకు కంప్యూటర్ పాఠం మొదలుపెట్టిన రోజున, 24 జతలు.

అది అమ్మాయిల డిగ్రీ కాలేజీ. పేరు ఎందుకులెండి. నేను గణితంలో ఎమ్మెస్సీ చేసి, పైన ఒక కంప్యూటర్ డిప్లొమా సంపాదించి, 1997లో అక్కడ చేరాను. మరుసటి ఏడాది నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అప్పటి హైదరాబాద్‌లో ఇస్త్రీ బండి మీద కూడా కంప్యూటర్ కోర్సుల కాగితం అంటించి ఉండేది. మా యాజమాన్యానికీ ఆత్రం పుట్టింది. బి.ఏ. వాళ్ళకూ కంప్యూటర్ పెడితే సీట్లు నిండుతాయి. పాఠ్యాంశం రాసే పని, జూనియర్‌ని కాబట్టి, నా నెత్తిన పడింది. వాళ్ళు అడిగింది ఒకటి, నేను రాసింది ఇంకొకటి.

నాకు ఈ పిచ్చి ఎక్కించింది ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్. అట్ట ఊడిపోయిన పాత పుస్తకాల్లో, ఎవరో పారేసిన జిరాక్సుల్లో నాకు అలన్ పెర్లిస్ పరిచయమయ్యాడు. అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త, తర్వాత 1966లో ఆ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డును మొట్టమొదట అందుకున్న మనిషి. 1961లో ఎం.ఐ.టి. శతాబ్ది సందర్భంగా పెట్టిన ఉపన్యాసాల్లో ఆయన వాదించింది ఇదీ: ప్రోగ్రామింగ్ ఇంజనీర్ల సొత్తు కాదు, ఏ సబ్జెక్టు చదివే విద్యార్థికైనా సాధారణ విద్యలో భాగంగా అది నేర్పాలి. ఆ మాటన్న నాటికి చాలా కంప్యూటర్లు గదినంతా ఆక్రమించేవి. మూడేళ్ళకు, 1964 మే 1 తెల్లవారుజామున, డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ బేసిక్ అనే కంప్యూటర్ భాషను నడిపించారు. ఇద్దరూ గణితం పంతుళ్ళే. చరిత్ర, సాహిత్యం చదివే పిల్లలు కూడా యంత్రం ముందు కూర్చుని తమ ఆలోచనను తామే పరీక్షించుకోవాలన్నది వాళ్ళ కోరిక. నాకు అంతకంటే ఇంకేం కావాలి? మా ల్యాబ్‌లోనూ బేసిక్ ఉంది. నాలుగు యంత్రాలూ ఉన్నాయి.

పాఠ్యాంశానికి ముందుమాట తెలుగులో రాయబోతే మొదటి చిక్కు అక్కడే వచ్చింది. ప్రోగ్రామింగ్ కూడా ఒక లిబరల్ ఆర్ట్ అన్నది నా వాదన. లిబరల్ ఆర్ట్‌కు తెలుగులో ఏమనాలి? నిఘంటువు చూసి ‘ఉదార కళ’ అని రాశాను. కమిటీలో ఒక పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, “ఎవరి ఔదార్యమమ్మా ఇది, మేనేజ్‌మెంట్‌దా?” అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మధ్యయుగాల ఐరోపాలో వ్యాకరణం, తర్కం, జ్యామితి, సంగీతం లాంటివి ఏడింటిని కలిపి అలా పిలిచేవారనీ, బతుకుతెరువు కోసం కాక బుద్ధి పదునెక్కడానికి చదివేవారనీ, మన వ్యాకరణం, ఛందస్సు కూడా అలాంటివేననీ చెప్పుకొచ్చాను. ఆయన ఓపికగా విని, “బి.ఏ. పిల్లలకు తర్కం ఎందుకమ్మా, టైపింగ్ వస్తే చాలదూ?” అన్నారు. ఆయన పక్కనున్న కంప్యూటర్ సైన్స్ నిపుణుడు ఇంకో వైపు నుంచి వచ్చారు. “ఇందులో డేటా స్ట్రక్చర్లు లేవు, ఆపరేటింగ్ సిస్టమ్స్ లేవు. దీన్ని కంప్యూటర్ పాఠం అని ఎలా అంటారు?” ఒకరికి ఎక్కువైంది, ఇంకొకరికి తక్కువైంది. చివరికి రెండేళ్ళ ప్రయోగం కింద ఒప్పుకున్నారు, అదీ భోజనాల వేళ దాటిపోతోందని.

గొప్పగా మొదలుపెట్టానని చెప్పుకోలేను. మొదటి నెలంతా ప్రధాన సంఖ్యలు, కసాగు, గసాభా. పదో తరగతితో లెక్కల పీడ విరగడైందని ఊపిరి పీల్చుకున్న పిల్లలకు మళ్ళీ అవే లెక్కలు పెట్టాను. పైగా వాళ్ళకు ఆవులింతలు ఎందుకొస్తున్నాయని ఆశ్చర్యపోయాను. ఆగస్టు వచ్చేసరికి గుమ్మం దగ్గర 17 జతలు.

దారి చూపింది మా తెలుగు మాస్టారు. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, పంచె కట్టేవారు, స్టాఫ్ రూములో నా పక్క బల్ల. ఒకరోజు పద్యాలకు గణవిభజన చేసిన జవాబు పత్రాలు దిద్దుతున్నారు. అక్షరాల మీద గిన్నె లాంటి గుర్తు, నిలువు గీత, గిన్నె, గీత, గీత. పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, దానికి గిన్నె. తక్కువసేపు పట్టేది లఘువు, దానికి గీత. వాటిని తలకిందులుగా చూస్తున్న నాకు సున్నాలూ ఒకట్లూ కనిపించాయి.

“మాస్టారూ, ఒక అక్షరం గురువో లఘువో తేల్చడానికి నియమాలు ఎన్ని?”

“నాలుగైదుంటాయమ్మా. దీర్ఘమైతే గురువు. సున్నా, విసర్గ ఉంటే గురువు. పొల్లు ఉంటే గురువు. పక్కన సంయుక్తాక్షరమో ద్విత్వాక్షరమో ఉంటే ముందున్నది గురువు. ఎందుకూ?”

“మా పిల్లల చేత కంప్యూటర్‌కు చెప్పిస్తాను.”

“ముందు మీ పిల్లలకు తెలుసేమో కనుక్కో,” అన్నారాయన, తల ఎత్తకుండానే.

అప్పట్లో మా యంత్రాలకు తెలుగు అక్షరం రాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నాం. హ్రస్వానికి చిన్న అక్షరం, దీర్ఘానికి పెద్ద అక్షరం. పరీక్షకు ఏ పద్యం తీసుకుందామంటే పిల్లలందరూ ఒక్క గొంతుతో “ఎవ్వనిచే జనించు” అన్నారు. పోతన గజేంద్రమోక్షం రాని పిల్ల ఆ గదిలో లేదు. ‘ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపలనుండు లీనమై’. ఉత్పలమాల. గురులఘువుల గుంపులు, అంటే గణాలు, వరసగా భ, ర, న, భ, భ, ర, వ అని రావాలి. పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి.

రెండు వారాలు కుస్తీ పట్టి ప్రోగ్రామ్ రాశారు. నడిపిస్తే తెర మీద న, ర, న, న, భ, ర, వ అని వచ్చింది. రెండు చోట్ల భగణం (గురువు, లఘువు, లఘువు) రావలసింది నగణం (మూడూ లఘువులే) వచ్చింది. ఒకమ్మాయి కంప్యూటర్ పాడైందని తేల్చేసింది. ఇంకొకామె దసరా బొట్టు కీబోర్డులో పడిందేమోనంది. నల్గొండ వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్ల, క్లాసులో నోరెత్తనిది, ఆ రెండు చోట్లూ వేలు పెట్టి చూసింది. ఎవ్వని, మెవ్వని. రెండూ ఒకటే మాట.

“మేడమ్, ‘ఎ’ దగ్గర ఉన్నప్పుడు మనం ‘ఎ’నే చూస్తున్నాం. అది గురువు అవుతోంది పక్కనున్న ‘వ్వ’ వల్ల కదా. ముగ్గు వేసేటప్పుడు పక్క చుక్క చూసుకోకుండా గీత తిప్పం. ఒక అక్షరం ముందుకు వెళ్ళి చూసి, వెనక్కి వచ్చి, అప్పుడు తేల్చాలి.”

ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చే కంపైలర్లు రాసేవాళ్ళు పెద్ద పేరు పెట్టి చెప్పుకునే ఉపాయం అది. నేను ఆ పేరు చెప్పలేదు. బోర్డు మీద రాయబోయి సుద్దముక్క కింద పెట్టేశాను. ఆమె నాలుగు లైన్లు చేర్చింది, మళ్ళీ నడిపింది. భ, ర, న, భ, భ, ర, వ. గదిలో లేచిన కేకలకు ఏసీ ముందు కునుకు తీస్తున్న అటెండర్ ఉలిక్కిపడి లేచి కరెంటు పోయిందనుకుని యూపీఎస్ వైపు పరుగెత్తాడు.

తర్వాత మాస్టారిని ల్యాబ్‌కు పిలిచాం. ఆయన కిర్రు చెప్పులు మిగతా వాటికి దూరంగా, గోడ వారగా విడిచి లోపలికి వచ్చారు. వస్తూనే ‘ఉద్దిష్టం’ తెలుసా అని పిల్లల్ని అడిగారు. ప్రాచీన ఛందశ్శాస్త్రకారుడు పింగళుడి కాలం నుంచి ఉన్న లెక్క. సాధ్యమయ్యే గురులఘువుల అమరికల్లో, అంటే వృత్తాల్లో, ఒకదాని వరస సంఖ్య తేల్చేది. పాదంలో అక్షరాల మీద వరుసగా 1, 2, 4, 8, 16 అని రెట్టింపు చేసుకుంటూ రాయాలి. లఘువుల మీదున్న అంకెలు కూడాలి. వచ్చిన దానికి ఒకటి కలిపితే ఆ వృత్తం వరస సంఖ్య. ఇరవయ్యో అక్షరం మీద 5,24,288 దాకా బోర్డంతా నింపి, కూడిక మధ్యలో ఒకసారి తప్పి, మళ్ళీ మొదలుపెట్టి, ఉత్పలమాలకు 3,55,799 అని తేల్చారు. పిల్లల ప్రోగ్రామ్ పదహారో అక్షరం దగ్గర ఆగిపోయి ఓవర్‌ఫ్లో అంది. పూర్ణాంకాల గడిలో 32,767కు మించి పట్టదు. గడి మార్చాక సరిగ్గా అదే వచ్చింది, 355799. మాస్టారు తన సంచిలోంచి అట్ట వేసిన పాత ఛందోగ్రంథం తీసి చూపించారు. అందులోనూ అదే అంకె.

పింగళుడు కంప్యూటర్ కనిపెట్టాడు అనే రకం మాటలు నాకు పడవు. ఆయన కనిపెట్టింది ఛందస్సును లెక్కపెట్టే పద్ధతి, అది చాలదా? ఆ రోజు నాకు గుర్తుండిపోయింది వేరే సంగతి. ఇరవై అక్షరాల పాదానికి, కృతి ఛందస్సు అంటారు దాన్ని, మొత్తం 10,48,576 వృత్తాలు సాధ్యమని లెక్క తేలింది. వెనక వరసలోంచి ఒకమ్మాయి అడిగింది. “మరి వాటిలో పేర్లున్నవి ఈ కొన్నేనా మాస్టారూ? మిగతా పది లక్షల్లో ఎవరూ ఎందుకు రాయలేదు?” మాస్టారు కాసేపు ఆలోచించి, “యంత్రం అన్నిటినీ సమానంగా చూస్తుందమ్మా. చెవి చూడదు,” అన్నారు. కాలేజీ విడిచే గంట మోగినా ఎవరూ లేవలేదు. చెవికి ఏది ఎందుకు నచ్చుతుందో అరగంట మాట్లాడుకున్నాం. కమిటీలో ఉదార కళ అంటే ఏమిటని అడిగిన పెద్దాయన ఆ అరగంట అక్కడ ఉండి ఉంటే బాగుండేది.

ఇక నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఆ డిసెంబరులో నల్గొండ పిల్ల స్టాఫ్ రూముకు వచ్చింది. “నాన్న అడుగుతున్నారు మేడమ్, ఇది నేర్చుకుంటే ఏ ఉద్యోగం వస్తుందని.” నేను పెద్ద తెలివిగా, “ఆలోచించడం వస్తుంది,” అన్నాను. ఆమె తల ఊపి, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్న మరొకరి పొలం కౌలుకు చేస్తాడనీ, చెల్లెళ్ళు ఇద్దరున్నారనీ తర్వాత తెలిసింది. నెల తిరక్కుండా ఆమె సాయంత్రాలు అమీర్‌పేటలో అకౌంట్ల ప్యాకేజీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం మాత్రం నా ల్యాబ్ మానలేదు. నేను ఇచ్చిన జవాబు ఎంత పొగరుదో నాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. సొంత జీతం ఉన్నవాళ్ళ నోటికే అంత తేలిగ్గా వచ్చే మాట అది.

2000 వేసవిలో అసలు ఆ అమీర్‌పేటలో ఏముందో చూద్దామని వెళ్ళాను. మైత్రీవనం ముందు బస్సు దిగగానే చేతిలో ఆరు కరపత్రాలు. జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్. ఉచిత డెమో అంటే ఒక క్లాసులో కూర్చున్నాను. షెడ్డు లాంటి హాలు, ఫ్యాన్లు తిరుగుతున్నా వేడి, కిటికీ అంచుల మీద కూడా కుర్రాళ్ళు. పంతులుకు పాతికేళ్ళుంటాయి. మైకు పట్టుకుని, లూప్ అంటే ఏమిటో సిటీ బస్సు కండక్టరు టికెట్లు కొట్టే తీరుతో చెప్పాడు. నా కసాగు గసాభా కంటే వెయ్యి రెట్లు నయం. అసూయగా ఉందని ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. మరుసటి ఏడాదికల్లా అమెరికాలో ఉద్యోగాలు పోయాయి, వెళ్ళినవాళ్ళు కొందరు తిరిగొచ్చారు. కరపత్రాల మీద మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అనే కొత్త పేరు వెలిసింది. “చూశారా, ప్యాకేజీలు మారిపోతాయి, తర్కం మారదు,” అని స్టాఫ్ రూములో నేను ప్రసంగం ఇవ్వబోతే, కామర్స్ మేడమ్ మెల్లగా అన్నారు, “మారిన ప్యాకేజీ నేర్చుకోవడానికి మళ్ళీ డబ్బు కావాలి కదండీ.” దానికి నా దగ్గర జవాబు లేదు.

రెండో ఏడు యతి మొదలుపెట్టాం. గణాలు తేలిపోయాయి కాబట్టి ఇక ఎంతసేపు అనుకున్నాం. మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ మైత్రి కుదరాలి. ఏ హల్లుకు ఏ హల్లు పొసగుతుందో పట్టిక వేసి ఇచ్చారు మాస్టారు. నడిపించగానే యంత్రం చెప్పింది, పోతనకు యతి తప్పిందని. మొదటి అక్షరం ‘ఎ’, పదోది ‘మె’. అచ్చుకూ మకారానికీ మైత్రి ఎక్కడిది?

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. “పోతనకే పంగనామం పెట్టిందమ్మా మీ కంప్యూటర్!” తర్వాత విడమరిచారు. అది ‘జగము’, ‘ఎవ్వని’ రెండు మాటలు. సంధి జరిగి మకారం వచ్చి అతుక్కుంది కానీ, యతి చూసేది లోపల దాగిన ‘ఎ’ని.

“అయితే పదో అక్షరంలో హల్లు వదిలేసి అచ్చు ఒక్కటే చూడమంటే సరిపోతుంది కదా,” అన్నాను నేను.

నల్గొండ పిల్ల ఒప్పుకోలేదు. “అలా వదిలేస్తే ఎవరు ఏ హల్లు రాసినా చెల్లిపోతుంది మేడమ్. యతి తప్పినవాడికీ పోతనకూ తేడా ఉండదు. అక్కడ కొత్త మాట మొదలైందా లేదా అన్నది తెలియాలి.”

“అది అర్థం తెలిస్తేనే తెలుస్తుంది,” అన్నారు మాస్టారు. ఆయన ఇంకో ముడి కూడా వేశారు. సంస్కృత సమాసంలో అయితే పక్క పదం మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం ముందరి అక్షరాన్ని గురువు చేస్తుంది, విడి తెలుగు మాటలైతే చేయదు. అంటే తేలిపోయాయనుకున్న గణాలు కూడా నిజానికి తేలలేదు. మేము రాసింది పదాల మధ్య ఖాళీని నమ్ముకున్న ప్రోగ్రామ్. రెండు మాటల మధ్య ఖాళీ ఉందా అన్నది ఎవరైనా చూస్తారు, ఆ రెండూ ఒక సమాసమా అన్నది చదువుకున్నవాళ్ళే చూడగలరు. నా ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో, యంత్రానికి ఎక్కడి దాకా చెప్పగలం, ఎక్కడ మన చేతిలో ఏమీ ఉండదు అన్నది పిల్లలు అంత దగ్గరగా చూసిన రోజు మళ్ళీ రాలేదు. నేను కూడా చూడలేదు.

2001 మార్చిలో కాగితం వచ్చింది. ప్రయోగం ముగిసింది. వచ్చే జూన్ నుంచి దాని స్థానంలో ఆఫీసు ప్యాకేజీలు, టైపింగ్, ఉత్తరాల నమూనాలు. నేను ఎవరి మీదా అరవలేదు. ఉత్తరాల నమూనాలు కూడా నేనే పదహారేళ్ళు నేర్పాను, బాగానే నేర్పాను. వాటితో ఉద్యోగాలు తెచ్చుకున్న పిల్లలు మిఠాయి పొట్లాలతో వచ్చేవారు. ఇప్పుడు గచ్చిబౌలిలో ట్రిపుల్ ఐటీ వాళ్ళు కంప్యూటింగ్‌నూ మానవ శాస్త్రాలనూ కలిపి ఒకే కోర్సుగా చెబుతున్నారని చదివినప్పుడు సంతోషంతోపాటు కొంచెం కడుపుమంట కూడా వేసింది. మా నాలుగు యంత్రాలు గుర్తొచ్చి.

చివరి క్లాసు రోజున గుమ్మం దగ్గర తొమ్మిది జతలు. సాయంత్రం ఐదుకల్లా తాళాలు ఆఫీసులో ఇచ్చేయాలి. నల్గొండ పిల్ల వంద పేజీల నోటుబుక్కు తెచ్చింది. హాస్టల్లో కూర్చుని భాగవతంలోంచి సంధి జరిగిన మాటలు ఏరి, ఎడమ పక్క కలిసిన రూపం, కుడి పక్క విడదీసిన రూపం రాసుకొచ్చింది. అన్నిటినీ ఎక్కిస్తే యంత్రానికి కనీసం పోతన వరకైనా తెలుస్తుందేమో అని. ముప్పై మాటలు ఎక్కించేసరికి నాలుగూ ముప్పావు. ‘జగమెవ్వని’ ఇంకా రాలేదు, అది నాలుగో పేజీలో ఉంది. ఉన్నదాన్నే నడిపించి డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద ఒక కాగితం తీశాం. అటెండర్ తలుపు దగ్గర తాళంచెవుల గుత్తి ఆడిస్తూ నిలబడ్డాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. పక్కల చిల్లుల పట్టీలు చింపలేదు. సిరా గోధుమ రంగుకు తిరిగింది. పైన పద్యపాదం, దాని కింద గణాలు, దాని కింద 355799, అడుగున యతి తప్పినది అని యంత్రం మాట, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ చివరి మాటను పెన్సిల్‌తో ఒక గీత కొట్టి, పక్కన గుండ్రటి తెలుగు దస్తూరీతో ఆ పిల్ల రాసింది: ‘కాదు. జగము + ఎవ్వని.’